అయోనా దీవికి యూత్ రిట్రీట్: వెళ్ళడం సంగతి సరే, తిరుగు ప్రయాణం జాగ్రత్త

మీరు అడిగింది ఇదీ: ఎడిన్‌బరోలో మీది పదిహేను మంది ఉన్న చిన్న తెలుగు క్రైస్తవ ఫెలోషిప్. వచ్చే మేలో స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న అయోనా దీవికి మూడు రోజుల రిట్రీట్ అనుకుంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరి, సోమవారం పొద్దున డ్యూటీలకు వెళ్ళిపోవచ్చా అని.

వద్దండీ. టైమ్‌టేబుల్ చూస్తే చేరిపోతారు. మేమూ ఆ టైమ్‌టేబుల్‌నే నమ్ముకున్నాం.

మాది గ్లాస్గో. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. రెండేళ్ళ కింద మా చర్చి నుంచి పద్నాలుగు మందిమి వెళ్ళాం. ఏడుగురం తెలుగువాళ్ళం, ముగ్గురు మలయాళీలు, ఇద్దరు నైజీరియా వాళ్ళు, ఇద్దరు ఇక్కడి స్కాటిష్ పిల్లలు. మే మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే కదా, శుక్రవారం వెళ్ళి సోమవారం వచ్చేలా పెట్టుకున్నాం. టికెట్లన్నీ బుక్ చేసింది నేనే. కాబట్టి కింద చెప్పబోయే తప్పులన్నీ నా ఖాతాలోవే.

ముందు దారి చెబుతాను. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఓబన్‌కు మూడు గంటల పైచిలుకు రైలు. ఓబన్‌లో స్టేషన్‌ను ఆనుకునే ఫెర్రీ రేవు. అక్కడ పెద్ద ఫెర్రీ ఎక్కితే ముప్పావుగంట పైన పడుతుంది, మల్ అనే దీవిలో క్రెగ్‌న్యూర్ దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి మల్ దీవికి ఆ చివర వరకు బస్సు, దాదాపు 60 కిలోమీటర్లు, గంటంపావు. ఆ చివరి ఊరి పేరు బోర్డు మీద చూస్తే మన నోరు తిరగదు గానీ, అక్కడివాళ్ళు ఫిన్నఫోర్ట్ అంటారు. అక్కడ చిన్న ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లో అయోనా. మొత్తం నాలుగు ఎక్కి దిగాలి. మీకైతే ఎడిన్‌బరో నుంచి గ్లాస్గో అదనం. ఒకటి తప్పిందా, దాని వెనకాలవన్నీ తప్పుతాయి.

రైలు గురించి ఒక హెచ్చరిక. ఓబన్ వెళ్ళే రైలు చాలాసార్లు క్రియన్‌లారిచ్ అనే స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది. కొన్ని పెట్టెలు ఓబన్‌కు, మిగిలినవి ఫోర్ట్ విలియమ్ వైపుకు. ఖాళీగా ఉందని మా ముగ్గురు వేరే పెట్టెలో కూర్చుని హాయిగా నిద్రపోయారు. క్రియన్‌లారిచ్‌లో తలలు లెక్కపెడితే పదకొండే తేలాయి. ప్లాట్‌ఫారమ్ మీద పరుగెత్తి, అద్దాలు కొట్టి లేపి, సంచులూ రైస్ కుక్కరూ చంకన పెట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాం. ఎక్కేటప్పుడే ఏ పెట్టెలు ఓబన్‌వో గార్డుని అడగండి.

మల్‌లో బస్సు వెళ్ళే రోడ్డు చాలాభాగం ఒకే బండి పట్టేంత సన్నం. ఎదురుగా ఏదన్నా వస్తే పక్కన కట్టిన చిన్న జాగాలోకి ఒదగాలి. వంకరలు, ఎత్తులు, పల్లాలు. కడుపులో తిప్పేవాళ్ళను ముందు సీట్లలో కూర్చోబెట్టండి, నిమ్మకాయ దగ్గర ఉంచండి. మా మలయాళీ చెల్లెలు ఒకమ్మాయి కొండల అందం చూడమంటే కళ్ళు మూసుకునే "బాగుంది, బాగుంది" అంది.

ఇక దీవి. పొడవు ఐదారు కిలోమీటర్లే, జనం రెండువందల లోపే. బయటివాళ్ళ కార్లు రానివ్వరు. 563లో కొలంబా అనే ఐర్లండ్ సన్యాసి పన్నెండుమందితో వచ్చి మఠం పెట్టింది ఇక్కడే. స్కాట్లాండ్‌లో సువార్త వ్యాపించిన కథ చెప్పేవాళ్ళెవరైనా ఈ దీవి పేరు చెప్పకుండా ముందుకు పోరు. ఎనిమిదో శతాబ్దంలో నిలబెట్టిన రాతి సిలువ ఒకటి మఠం ముందు ఇప్పటికీ అదే చోట నిలబడి ఉంది. గాలికీ వానకూ అంచులు అరిగి, చెక్కడాలు వేళ్ళతో తడిమితే తప్ప సరిగ్గా అందవు.

నన్ను పట్టుకున్నది మాత్రం అంత పాత కథ కాదు. నాది మెదక్. మా ఊరి చర్చి 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో తిండిలేని జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి పోస్నెట్ అనే మిషనరీ దొరగారు కట్టించారని మా నానమ్మ చెప్పగా విని పెరిగాను. అయోనాలో మఠం గదులు శిథిలమై ఉంటే, 1938లో జార్జ్ మెక్లౌడ్ అనే పాస్టరు గ్లాస్గో ఓడల కార్ఖానాల పేటైన గోవన్ నుంచి పనుల్లేని మేస్త్రీలనూ వడ్రంగులనూ, పాస్టరు చదువు చదివే కుర్రాళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చి కట్టించడం మొదలుపెట్టారట. పనివాళ్ళు రాయి పేరుస్తుంటే కాబోయే పాస్టర్లు తట్టలు మోశారు. అయోనా కమ్యూనిటీ అనే క్రైస్తవ సమాజం అలా పుట్టింది. ఆ సంగతి వింటూ "ఇది మా మెదక్ కథే" అని పైకే అనేశాను, అందరూ నావైపు తిరిగారు. కరువో నిరుద్యోగమో, పని లేనివాడి చేతికి పని ఇచ్చి గుడి కట్టడం. మీ రిట్రీట్‌లో ఒక పూట దీని మీద మాట్లాడుకోండి, మనవాళ్ళకు బాగా ఎక్కుతుంది.

మఠంలో అతిథులుగా ఉంటే గిన్నెలు కడగడం, కూరగాయలు తరగడం, బాత్రూములు తుడవడం లాంటి పనులు పంచుతారు. మేము అక్కడ కాదు, ఉత్తరం చివర గొర్రెల పొలంలో ఉన్న హాస్టల్‌లో దిగాం, జెట్టీ నుంచి అరగంట నడక. పనుల పద్ధతి మాత్రం కాపీ కొట్టాం. ఇంట్లో గ్లాసు కూడా కడగని మా హీరోలు ఇద్దరు మూడు రోజులూ గిన్నెలు తోమారు. వాళ్ళమ్మలకు వీడియో పంపాం.

రెండో రోజు దక్షిణం కొసకు నడిచాం. కొలంబా దిగాడని చెప్పే తీరం అది. ఇసుక తక్కువ, అంతా గులకరాళ్ళే. తడిగా ఉన్నప్పుడు కొన్ని ఆకుపచ్చగా మెరుస్తాయి, ఆరితే మామూలు రాళ్ళే. అక్కడో అలవాటుంది. రెండు రాళ్ళు ఏరుకోవాలి. వదిలేయాలనుకున్నది మనసులో తలచుకుని ఒకటి సముద్రంలోకి విసరాలి, రెండోది కొత్తగా మొదలుపెట్టేదానికి గుర్తుగా ఇంటికి తెచ్చుకోవాలి. విగ్రహారాధనలాగా ఉందని మనలో ఒకరిద్దరికి అనిపించవచ్చు, మాకూ ఆ చర్చ అయింది. బలవంతం లేదన్నాం. చివరికి విసరనివాళ్ళు ఎవరూ లేరు. కేర్ హోమ్‌లో పనిచేసే మా తమ్ముడొకడు, వరంగల్ అబ్బాయి, రాయి చాలాసేపు చేతిలో పెట్టుకుని నిలబడి, విసిరాక ఒక్కడే వెనక్కి నడిచి వచ్చాడు. ఏం వదిలావని ఎవరం అడగలేదు.

రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు. పడుకున్నాక గడ్డిలోంచి దువ్వెన పళ్ళ మీద గోరు గీకినట్టు ఒకటే చప్పుడు, ఆగదు. కార్న్‌క్రేక్ అనే పక్షి అట, బ్రిటన్‌లో ఇప్పుడు చాలా అరుదు, దాన్ని వినడానికే కొందరు ఇక్కడికి వస్తారు. మా రూమ్‌లో మాత్రం "ఆ మెషిన్ ఎవరైనా ఆపండి" అని కేక వినిపించింది.

మీరు అసలు అడిగింది తిరుగు ప్రయాణం కదా, అక్కడికొస్తాను.

ఆదివారం రాత్రి బైబిల్ స్టడీకి మేం ఎంచుకున్నది యేసు దోనెలో నిద్రపోతుండగా తుఫాను లేచిన భాగం. దీవికి తగ్గట్టు ఉంటుందని నేనే పెట్టాను. సోమవారం తెల్లారి లేచేసరికి నైరుతి గాలి. హాస్టల్ తలుపు తెరిస్తే చేతిలోంచి లాక్కుంటోంది. జెట్టీ దగ్గరికి వెళ్తే చిన్న ఫెర్రీ ఆగిపోయింది. రెండు దీవుల మధ్య ఉన్నది మైలు వెడల్పు నీళ్ళే. అవతల ఫిన్నఫోర్ట్ ఇళ్ళ కిటికీలు కూడా కనిపిస్తున్నాయి. కానీ ఆ ఫెర్రీ ముందుభాగం పలకలా కిందికి దించి రాంప్ మీదికి జనాన్ని ఎక్కిస్తారు, అలలు అలా కొడుతుంటే అది కుదరదు. వాళ్ళను తప్పుపట్టడానికేం లేదు. గాలి తగ్గితే చూద్దామన్నారు. ఎప్పుడు తగ్గుతుందో చెప్పమంటే ఆకాశం వైపు చూపించారు.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక్కొక్కరికి నాలుగైదు పౌండ్లు మిగులుతాయని ఆ ఒక్క రైలుకే చెల్లే టికెట్లు కొన్నాను. ఫెర్రీకీ బస్సుకీ, ఫెర్రీకీ రైలుకీ మధ్య ఖాళీ కూడా దాదాపు పెట్టలేదు. పైగా మాలో ఒక చెల్లెలికి మంగళవారం మధ్యాహ్నం గ్లాస్గో నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్, దుబాయ్ మీదుగా. వరంగల్ తమ్ముడికి మంగళవారం పొద్దున ఏడింటికి షిఫ్ట్.

జెట్టీ పక్కనే ఉన్న చిన్న తీరాన్ని మార్టర్స్ బే, అంటే హతసాక్షుల తీరం, అంటారు. 806లో వైకింగులనే ఓడ దొంగలు 68 మంది మఠవాసులను చంపింది అక్కడేనని చెబుతారు. పదింటి నుంచి ఆ తీరాన్ని చూస్తూ ఒక హోటల్ గోడ చాటున నిలబడ్డాం. మొదటి గంట పాటలు పాడాం. రెండో గంట బిస్కెట్లు తిన్నాం. మూడో గంటకు ఒకడు "అన్నా, మమ్మల్ని కూడా ఇక్కడే హతసాక్షుల్ని చేస్తావా" అన్నాడు, నవ్వాం. ఆ తర్వాత నవ్వులు ఆగిపోయాయి. ఫ్లైట్ చెల్లెలికి కరీంనగర్ నుంచి వాళ్ళమ్మ పది నిమిషాలకొకసారి వాట్సాప్ కాల్. "దీవి ఏందే, గ్లాస్గోల ఉంటవనుకున్న" అని ఆమె గొంతు స్పీకర్ పెట్టకుండానే మాకు వినిపిస్తోంది.

వరంగల్ తమ్ముడు నా దగ్గరికి వచ్చి మెల్లగానే అన్నాడు: "అన్నా, షిఫ్ట్ పోతే ఈ నెల రెంట్ ఎవరు కడతరు?" స్టూడెంట్ వీసా మీద చదువుకునేవాళ్ళకు టర్మ్‌లో వారానికి ఇరవై గంటలే పని చేయనిస్తారు, ఒక్క షిఫ్ట్ పోయినా లెక్క తప్పుతుంది. చందాల్లో మిగిలింది ఇస్తానన్నాను. అడుక్కోవడానికి రాలేదని వెళ్ళిపోయి దూరంగా సంచి మీద కూర్చున్నాడు. రాత్రి తుఫాను మీద అంత బాగా మాట్లాడిన నాకు అప్పుడు ఒక్క మాట తోచలేదు. మాలోని స్కాటిష్ అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయి, ఫ్లాస్క్‌లో మిగిలిన టీ మూతలో పోసుకుని వెళ్ళి అతని పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. అంతకంటే సరైన పని ఆ రోజు మాలో ఎవరూ చేయలేదు.

నాలుగు దాటాక గాలి కాస్త తగ్గింది, ఫెర్రీ ఒక్క ట్రిప్పు కొట్టింది. పది నిమిషాల దారికి అందరం మోకాళ్ళ దాకా తడిశాం. అవతల బస్సు మాకోసం ఆగి ఉంది. మిగతా బస్సులు కూడా అలా ఆగుతాయని మాత్రం అనుకోకండి. క్రెగ్‌న్యూర్‌లో చివరి ఫెర్రీ దొరికింది. ఓబన్‌లో దిగేసరికి మా రైలు ఎప్పుడో పోయింది, ఆ రాత్రికి ఇంక రైలు లేదు. బ్యాంక్ హాలిడే కాబట్టి రూములన్నీ ఫుల్. మా పాస్టరుగారు ఫోన్ మీద ఫోన్ చేసి ఒక చర్చి హాల్ ఇప్పించారు. తాళం తెచ్చిన పెద్దాయన హీటర్ వేసి, పాలు టేబుల్ మీద పెట్టి, మేం థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోయారు.

సంచుల్లో మిగిలిన బియ్యం, సగం సీసా ఆవకాయ, ఒక డబ్బా పెరుగు. కుక్కర్ రెండుసార్లు పెట్టాం. నైజీరియా అన్న ఆవకాయ ముద్ద తిని, కాసేపు కళ్ళు నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టమన్నాడు. తర్వాత గిన్నెలు కడుగుతుంటే వరంగల్ తమ్ముడు వచ్చి తువ్వాలు తీసుకుని నా పక్కన నిలబడ్డాడు. నాలుగు ప్లేట్లు తుడిచాక అన్నాడు: "అన్నా, వచ్చేసారి టికెట్లు నేను బుక్ చేస్త."

తెల్లవారుజామున మొదటి రైలుకు మళ్ళీ టికెట్లు కొన్నాం, మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు ఖర్చు. స్టేషన్‌లో సిబ్బందితో ముందే మాట్లాడి ఉంటే పాత టికెట్ల సంగతి ఏమైనా తేలేదేమో, నాకు ఆ బుద్ధి పుట్టలేదు. చెల్లెలు ఫ్లైట్ అందుకుంది, ఇంటికి వెళ్ళి సూట్‌కేస్ తీసుకునే టైమ్ కూడా దొరికింది. తమ్ముడి షిఫ్ట్ పోయింది.

కాబట్టి మీకు నేను చెప్పేది: ఆదివారం కాదు, సోమవారం రండి, మంగళవారం ఎవరికీ డ్యూటీ, పరీక్ష, ఫ్లైట్ లేకుండా చూసుకోండి. అలా కుదరనివాళ్ళను ఈసారికి ఆగమని చెప్పండి, మొహమాటపడకండి. రైలుకు ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ కొనండి. పొడి బట్టలు ఒక జత ప్లాస్టిక్ కవర్‌లో, మందులు సంచి అడుగున కాకుండా జేబులో. ఒక పూట తిండి ఎప్పుడూ మిగిలి ఉండాలి. ఇంకొకటి, మన దగ్గర యూత్ అంటే పెళ్ళికాని ముప్ఫై ఏళ్ళ అన్న కూడా యూతే. ఇక్కడ ఆ మాట వింటే పద్దెనిమిది లోపు పిల్లలనుకుంటారు. మీలో అలాంటివాళ్ళు ఒక్కరున్నా తల్లిదండ్రుల అనుమతి కాగితం, తీసుకెళ్ళేవాళ్ళకు పీవీజీ (పిల్లలతో పనిచేసేవాళ్ళ పూర్వాపరాలు చూసే స్కాట్లాండ్ పద్ధతి) తనిఖీ ముందే చూసుకోండి. హాస్టల్ బుక్ చేసేటప్పుడు కూడా వయసులు స్పష్టంగా చెప్పండి.

మేం ఈ ఏడాది మళ్ళీ వెళ్తున్నాం. టికెట్లు తమ్ముడే బుక్ చేశాడు. ఓబన్‌లో ఫెర్రీకీ రైలుకీ మధ్య మూడు గంటలు పెట్టాడు. ఎక్కువ కదా అంటే, చేపలు తిందామన్నాడు. రైస్ కుక్కర్ కూడా వస్తోంది. మీరూ తీసుకెళ్ళండి, కాకపోతే హాస్టల్ వాళ్ళను ముందు అడగండి.