నూలు అప్పు తీరాకే జంపఖానా అసలు ధర తేలుతుంది

తెలంగాణలో పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక చెల్లె రాసింది. పేరు వేయొద్దని కోరింది. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"అన్నా, మాకు ఆరు జంపఖానా మగ్గాలున్నయి. ఒకటి మా ఆయన నేస్తడు, ఐదింటి మీద కూలికి నేసేటోళ్ళున్నరు. పడుగు వోసి, కండెలు చుట్టనీకి నలుగురు ఆడోళ్ళు. రంగులు, లెక్కలు నేను చూస్త. ఏడాదికి 14 లక్షల అమ్మకం ఉన్నది గని చేతిల పైస నిలుస్తలేదు. నూలు షావుకారుకు 3 లక్షలు బాకీ, నూటికి రెండు రూపాయల మిత్తి. హైదరాబాదుల ఒక దుకాణపాయన 2.10 లక్షలు ఏడు నెలల సంది ఇస్తలేడు. వచ్చే నెల చిట్టీ 4 లక్షలు చేతికొస్తది. రసాయన రంగులు మానేసి చెట్ల రంగులకు షెడ్డు ఏసుకుందామని నాకున్నది. రెండు మరమగ్గాలు కొందామని మా ఆయనకున్నది. ఎస్సీ కాలనీ నుంచి ఇద్దరు ఆడపిల్లలు, పోలియోతోని కాలు పోయిన ఒక పిలగాడు పని నేర్పుమని వస్తున్నరు. ఆడోళ్ళకు కూలి పెంచాల్నని ఉన్నది. ముందుగాల ఏది చెయ్యాలె?"

చెల్లే, నీ ఉత్తరం వెనక పేజీలో రాసిన లెక్క చూశాకే జవాబు మొదలుపెట్టాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు జంపఖానాకు రెండున్నర కిలోల నూలు 550, రంగు 110, నేత కూలి 450, పడుగు (నిలువు దారాలు), కండెల (దారం చుట్టే గొట్టాలు) పని 40. మొత్తం 1,150. షావుకారుకు అమ్మేది 1,300. "దినుసుకు 150 మిగులుతది" అని కింద గీత గీశావు. ఆ గీత కింద ఇంకో రెండు వరుసలు ఉండాలి.

మొదటిది మిత్తి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6,000. నెలకు మీరు దించేది 90 జంపఖానాలు కాబట్టి ఒక్కోదాని మీద 67 రూపాయలు మిత్తి కిందే పోతోంది. రెండోది నీ కష్టం. పొద్దున రంగు బానల దగ్గర, రాత్రి లెక్కల పుస్తకం ముందు నువ్వు పడే పాటుకు లెక్కలో ఒక్క రూపాయీ లేదు. నెలకు 9,000 వేసుకున్నా జంపఖానాకు వంద పడుతుంది. అప్పుడు అసలు ఖర్చు 1,317. మీరు 1,300కు అమ్ముతున్నారు. అంటే నీ కష్టాన్ని ఊరికే ఇస్తే తప్ప ఈ పని నడవడం లేదు. పైస ఎందుకు నిలవడం లేదని అడిగావు కదా, కారణం ఇదే.

అందుకే చిట్టీ డబ్బు షెడ్డుకూ వద్దు, మరమగ్గాలకూ వద్దు. 3 లక్షలు నూలు బాకీకి కట్టెయ్యి. ఇరవై నాలుగు శాతం మిత్తి ఆగిపోవడమంటే అంత రాబడి వచ్చినట్టే, దానికి సరితూగే పొదుపు ఏ బ్యాంకులోనూ లేదు. మిగిలిన లక్షతో నగదు పెట్టి నూలు కొను. బాకీ ఉన్నంతకాలం షావుకారు చెప్పిన ధరకే నూలు తీసుకోవాలి, నేసిన సరుకు ఆయన కట్టిన ధరకే ఆయనకే ఇయ్యాలి. ఆ రెండు ముడులూ ఒకేసారి విప్పుకోవడానికి నీకు దొరికిన అవకాశం ఈ చిట్టీ.

పెట్టుబడి చాలకపోతే బ్యాంకులో చేనేత ముద్రా రుణం అడుగు. కేంద్రం వడ్డీ రాయితీ ఇవ్వడంతో నేతవారికి పడేది 6 శాతమే. ఆ రాయితీ మూడేళ్ళ వరకే, ఆలోపు తీర్చుకునేంతే తీసుకో. నీకు 2 లక్షలు చాలు. నెలకు వడ్డీ 1,000 రూపాయలు, జంపఖానాకు 11 పడుతుంది. విశ్వకర్మ పథకం సంగతి కూడా అడిగావు. దాని 18 వృత్తుల జాబితాలో చేనేత లేదు. పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీ కొత్తగా పెట్టే యూనిట్లకు, మీది నడుస్తున్న పని. ఈ రెండింటి కోసం ఎవరికీ ఫీజు కట్టి దరఖాస్తులు రాయించుకోకు.

నూలు విషయంలో జిల్లా చేనేత, జౌళి శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకు పోయి జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చే చిలపనూలు (చిలపలుగా చుట్టిన నూలు) అడుగు. ముడిసరుకు సరఫరా పథకం కింద నూలు ధరలో 15 శాతం రాయితీ ఉంది. మగ్గానికి ఇంత అని పరిమితి ఉంటుంది, కావలసిన నూలు నంబరు (దారం ఎంత సన్నమో చెప్పేది) అన్నిసార్లూ దొరకదు. అందుకే పూర్తి రాయితీ లెక్కేయకుండా జంపఖానాకు 50 రూపాయలే తగ్గుతుందని వేశాను. మగ్గాలకు జియోట్యాగ్ నంబర్లు (మగ్గం ఎక్కడుందో నమోదు చేసి ప్రభుత్వం ఇచ్చేవి) ఉన్నాయో లేదో ముందు చూసుకో. రాష్ట్ర పథకాలు ఏది కావాలన్నా మొదట అడిగేది ఆ నంబరే.

మరమగ్గాల గురించి మీ ఆయనకు నా మాటగా చెప్పు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం చేతి మగ్గాలకే కేటాయించిన 11 రకాల్లో జంపఖానా ఒకటి. మరమగ్గం కొన్నాక దాని మీద వేరే బట్ట నేయాల్సి వస్తుంది, ఆ బట్టకు మరమగ్గాల ఊరైన సిరిసిల్లతో పోటీ పడాలి. చేతిమగ్గం గుర్తు పోతుంది, నూలు రాయితీ పోతుంది, చేతిలో ఉన్న విద్య కూడా పక్కన పడుతుంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ పేరు వాడుకోవడానికి నేతగాళ్ళు అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. మీ ఊరు ఆ హద్దుల్లోకి వస్తుందో లేదో ఏడీ ఆఫీసులోనే అడుగు. మీ ఆయన ఆలోచన వెనక ఉన్న భయం మాత్రం నిజమైనదే. నేసేవాళ్ళందరూ యాభై దాటినవాళ్ళు, కొడుకులు సూరత్, భీవండి, హైదరాబాద్ పోయారని రాశావు. మనుషులు దొరకరేమోనన్న దిగులుకు మందు మరమగ్గం కాదు, పని నేర్చుకుంటామని నీ గడప దాకా వచ్చిన ముగ్గురు.

కూలి సంగతి. ఒక జంపఖానాకు పట్టే నూలు సిద్ధం చేయడానికి నాలుగు గంటలు, దానికి 40 రూపాయలు. గంటకు పది. నలుగురు పంచుకుంటే తలా నెలకు 900. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. అంటే సగం రోజు పనికి 150 రావాల్సిన చోట 40 ఇస్తున్నారు. నువ్వొక్కదానివే కాదు, చేనేత ఉన్న ప్రతిచోటా ఆడవాళ్ళ పనిని ఇంటిపనిలో కలిపేసే అలవాటు ఉంది. 2019–20 నాటి నాలుగో చేనేత లెక్కింపులో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది తేలితే నూటికి 72 మంది ఆడవాళ్ళే. మగ్గం మీద కూర్చున్న మనిషికి దినుసుకింత అని రాసి ఇస్తాం, కండె చుట్టిన చేతికి తోచినంత పెడతాం. దీన్ని నేను దయకు సంబంధించిన విషయంగా చూడను. పని చేయించుకున్నాం, దాని ఖర్చు ధరలోకి రావాలి, అంతే.

ఒకేసారి 150 చేస్తే వ్యాపారం తట్టుకోదు. నూలు బాకీ తీరిన నెల నుంచే 40ని 100 చెయ్యి. లెక్క ఎలా వస్తుందో చూడు: పాత ఖర్చు 1,317లో మిత్తి 67 పోయింది, నూలులో 50 తగ్గింది, బ్యాంకు వడ్డీ 11, కూలి 60 కలిశాయి. కొత్త ఖర్చు 1,271. అదే 1,300కు అమ్మినా కూలి పెంచి, నీ జీతం తీసుకుని, దినుసుకు 29 మిగులుతుంది.

తర్వాతి అడుగు నేరుగా అమ్మకం. మొదట నెలకు పది దినుసులు చాలు. అదే సైజు 1,900కు అమ్మి, ప్యాకింగు, రవాణా, దారి ఖర్చులకు 200 తీసేసినా జంపఖానాకు 429 మిగులుతుంది. పది నేరుగా, ఎనభై షావుకారుకు ఇస్తే నెలకు 6,600 దాటుతుంది. నేరుగా అమ్మేవి ముప్పైకి చేరితే 14,600. అప్పుడు ఆడవాళ్ళ కూలి 150కి తీసుకుపో, నేతగాళ్ళకు దినుసుకు యాభై కలుపు. ఈ రెండింటికీ కలిపి 9,000 పోయినా నీకు ఐదు వేల పైన మిగులుతుంది. మగ్గానికి పదిహేను దినుసులు దించినా నేతగాడికి వచ్చేది 6,750 అని మరిచిపోకు, వాళ్ళ పిల్లలు ఊరు విడవడానికి కారణం అక్కడుంది.

ఎక్కడ అమ్మాలి? శిల్పారామం మేళాలు, ఆగస్టు 7 చేనేత దినోత్సవం ప్రదర్శనలు ఉన్నాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడికి వచ్చేవాళ్ళు మీకు దగ్గరలోనే ఉన్నారు. కారులో వచ్చినవాళ్ళు పెద్ద జంపఖానా మోసుకుపోవడానికి వెనకాడతారు, పూజ చాపలంత చిన్నవి కూడా నేయించి చూడు. కొనేవాళ్ళు మొదట తడిగుడ్డతో రుద్ది రంగు అంటుతుందేమో చూస్తారు, తర్వాత నాలుగు మూలలూ కలిపి మడత పెడతారు. రంగు దిగినా, మూల వంకర పోయినా 1,900 అడగలేవు. నేరుగా అమ్మే సరుకును నీ చేత్తో నువ్వే ఎంచు. జీఎస్టీకి మన రాష్ట్రంలో సరుకుల వ్యాపారానికి హద్దు 20 లక్షలు, 40 కాదు. ప్రస్తుతానికి మీరు లోపలే ఉన్నారు. వేరే రాష్ట్రాలకు పంపే ముందు మాత్రం ఒక అకౌంటెంటును కలువు.

హైదరాబాద్ దుకాణం బాకీకి: చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకో, పూర్తిగా ఉచితం. నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. నమోదుకు ముందు ఇచ్చిన సరుకుకు ఆ రక్షణ దొరకడం కష్టం కాబట్టి పాత 2.10 లక్షలకు బిల్లుల నకళ్ళు పెట్టి, వాయిదాలు రాయించుకుని, సంతకం తీసుకో. ఇక మీదట సగం ముందు రానిదే మూట కదలనీయకు. ఉద్యమ్ నమోదు, బ్యాంకు ఖాతా నీ పేరున కూడా ఉండాలి. పని నడిపేది నువ్వు, కాగితాల్లో నీ పేరు ఎక్కడా లేకపోవడం నాకు నచ్చలేదు.

చెట్ల రంగుల ఆశ వదులుకోమనను. కానీ చెట్టు నుంచి వచ్చిందంతా నేలకు మేలు చేయదు. కరక్కాయ, పటిక పట్టించి, దానిమ్మ తొక్కో మంజిష్ఠో ఉడికించడానికి కట్టెలు, నీళ్ళు బాగానే పోతాయి. ఒక వాయి రంగు ఇంకో వాయికి కలవదు, షావుకారు సరుకు తిప్పి పంపిస్తాడు. నేరుగా అమ్మే పది దినుసుల్లో రెండు మూడింటికి ఒక్క రంగుతో మొదలుపెట్టు, అడిగేవాళ్ళు పెరిగితే షెడ్డు ఆలోచన చేద్దాం. ఈలోపు నీ బానల దగ్గర చేయాల్సినవి తక్కువ ఖర్చుతో అయిపోతాయి. అజో అనే రకం రసాయన రంగుల్లో కొన్నింటిని మన దేశంలో 1997లోనే నిషేధించారు, బిల్లు ఇవ్వని దుకాణంలో విడి పొడి కొనకు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ (రంగు కరిగించే రసాయనం) కలిపే చేతులకు మోచేతి దాకా రబ్బరు తొడుగులు, కాళ్ళకు బూట్లు కొను, నీక్కూడా. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత వేస్తే బాన నీళ్ళు కలిసొస్తాయి. రంగు నీళ్ళు బాయి వైపు పోకుండా గుంత తీసి, సున్నం వేసి తేర్చు.

కొత్తగా వచ్చే ముగ్గురికి నేర్చుకునే మూడు నెలలూ ఊరికే పని చేయించుకోవద్దు, నెలకు ఇంత అని ముందే చెప్పి ఇయ్యి. కాలు పనిచేయని పిలగాడికి తొక్కుడు చెక్కల మగ్గం కష్టం, మోటారుతో కండెలు చుట్టే యంత్రం, బిల్లులు, ఫోన్ ఆర్డర్లు అతనికి సరిపోతాయి. మగ్గాలకు, పరికరాలకు 90 శాతం ఖర్చు కేంద్రం భరించే హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయత అనే పథకం ఉంది, ఆ యంత్రానికి వర్తిస్తుందేమో ఏడీ ఆఫీసులో అడుగు. కాలనీ పిల్లలు వస్తే పెద్దవాళ్ళు గొణుగుతున్నారని రాశావు. వాళ్ళ మగ్గాల మీద రేపు కూర్చునేది ఎవరో పేర్లు చెప్పమని మర్యాదగానే అడుగు. ఒకే బిందె నీళ్ళు, ఒకే రేటు, ఒకే పుస్తకంలో సంతకం. ఈ మూడింటిలో రాజీ పడకు.

ఆ పుస్తకం నిజంగానే పెట్టు. నేతన్న పొదుపు (మునుపటి పేరు నేతన్నకు చేయూత) పథకంలో కార్మికులు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం వేస్తుంది. 2017లో మొదలైన ఈ పథకంలో మగ్గం నేసేవాళ్ళే కాదు, అనుబంధ పనులు చేసేవాళ్ళూ చేరవచ్చు. కూలి రాసిన లెక్క ఉంటే నీ దగ్గర కండెలు చుట్టే నలుగురినీ చేర్పించడం తేలిక. నేతన్న భద్రతలో (మునుపటి పేరు నేతన్న బీమా) నేతగాళ్ళ పేర్లున్నాయో చూడు, 5 లక్షల బీమాకు ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. బ్యాంకులో 20 రూపాయల ప్రమాద బీమా 70 ఏళ్ళ వరకు, 436 రూపాయల జీవిత బీమా 50 లోపు చేరేవాళ్ళకు ఉన్నాయి. అందరి పేరునా మీరే కట్టినా ఏడాదికి ఐదారు వేలకు మించదు.

చిట్టీ డబ్బు ఖాతాలో పడిన వారంలోనే షావుకారుకు చెక్కు రూపంలో కట్టండి, నగదు వద్దు. మీరిద్దరూ కలిసి వెళ్ళండి. పాత ప్రామిసరీ నోటు మీద "చెల్లు" రాయించి, సంతకం, తేదీ పెట్టించి, ఆ కాగితం వెనక్కి తీసుకున్నాకే గడప దాటండి.