పండగ ప్రయాణం ఆగిపోతే

కొలంబస్‌లో కొత్తగా దిగిన ఒక అమ్మాయి సందేహం ఇది. భార్యాభర్తలిద్దరూ, ఒక చిన్నబాబు. వచ్చి నాలుగు నెలలైంది. సంక్రాంతికి డాలస్‌లో ఉన్న పిన్నిగారింటికి వెళ్దామని టికెట్లు కొనుక్కున్నారు. మంచు తుపాను వచ్చి ఫ్లైట్ క్యాన్సిలైంది. "అన్నీ పిన్ని దగ్గర ఉంటాయి కదా అని ఇంట్లో ఏమీ కొనలేదు. అమ్మేమో ఫోన్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఈ ఏడాదికి పండగ వదిలేయమంటారా, వచ్చే శనివారం చేసుకోమంటారా?" అని అడిగింది.

వదలొద్దమ్మా. పండగ నాడు చేయాల్సింది ఆ నాడే చేసుకోండి, ఉన్నదాంతోనే. నలుగురితో కలిసి చేసుకునేది ఆనక వీలు చూసుకుని పెట్టుకోండి. ఈ రెండూ వేరు వేరని తెలుసుకోవడానికి నాకు న్యూజెర్సీలో చాలా ఏళ్ళు పట్టింది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, ఆ టెన్షన్ తగ్గితే మిగతాది వింటారు. అమెరికాలో ఎయిర్‌లైన్స్ వాళ్ళే ఫ్లైట్ రద్దు చేసినప్పుడు, వాళ్ళిచ్చే వేరే ఫ్లైటూ వోచరూ మీకు వద్దనుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి రావాలి. నాన్ రిఫండబుల్ టికెట్టయినా, కారణం వాతావరణమే అయినా ఇది వర్తిస్తుంది. క్రెడిట్ కార్డు మీద కొన్నదైతే ఏడు పనిదినాల్లో జమ చేయాలి. తొందరపడి వోచర్ తీసుకుంటే మాత్రం ఇక డబ్బు అడగడానికి ఉండదు. ఇండియా వెళ్ళేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. నాలుగు డాలర్లు తగ్గుతాయని ఢిల్లీ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి విజయవాడకి విడిగా ఇంకో టికెట్ కొనకండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరికీ బాధ్యత ఉండదు.

ఇక నా సంగతి. 2016లో ఇండియాలో సంక్రాంతి జనవరి 15న వచ్చింది. సూర్యుడు మకరంలోకి వచ్చింది అక్కడ అర్ధరాత్రి దాటాక, అంటే మన న్యూజెర్సీలో 14 మధ్యాహ్నం. అందుకే ఇక్కడ పండగ ఒకరోజు ముందు పడింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న కేలెండర్ చూసి చేసుకుంటారు. మీ ఊరి టైముకి లెక్కకట్టిన పంచాంగం చూసుకోండి, దగ్గర్లో గుడి ఉంటే వాళ్ళే చెప్తారు.

మావాడికి అప్పుడు మూడేళ్ళు. భోగిపళ్ళ పేరంటం ఘనంగా చేయాలని నా కోరిక. పండగ వారం మధ్యలో పడిందని, ముప్ఫై మందిని 23వ తేదీ శనివారం రమ్మన్నాను. మా అత్తగారికి తెనాలి ఫోన్ చేసి చెప్తే, "భోగి వెళ్ళిపోయాక భోగిపళ్ళేంటే? ఆ సాయంత్రం వాడి నెత్తిన గుప్పెడు పడాల్సిందే. పేరంటం నీ వీలు చూసుకో" అన్నారు. ఆవిడ మాట తీసెయ్యలేక, భోగి రోజు ఆఫీసు నుంచి రాగానే పీట వేసి కూర్చోబెట్టి, నానబెట్టిన శనగలు, నాలుగు ద్రాక్షపళ్ళు, ఆరు క్వార్టర్ నాణేలు కలిపి తలచుట్టూ తిప్పి పోశాను. ఐదు నిమిషాల పని. అసలు పండగ శనివారం కదా అనుకుని ఫొటో కూడా తీసుకోలేదు.

ఆ శుక్రవారం నుంచే ఈస్ట్ కోస్ట్ మీద పెద్ద మంచు తుపాను మొదలైంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాల మంచు కురిసిందంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. బుధవారం నుంచే వార్తల్లో అదే మాట. కానీ నేను శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎవరికీ రావద్దని చెప్పలేదు. ముప్ఫై మందిని పిలిచి, నేనే వద్దంటే ఏమనుకుంటారోనని. వాళ్ళేమో, ఆవిడ అంత ప్రేమగా పిలిచింది, రామంటే బాధపడుతుందేమోనని నోరు విప్పలేదు. ఇటూ అటూ మొహమాటమే. మా ఆడపడుచు వాళ్ళు రిచ్‌మండ్ నుంచి శుక్రవారం పొద్దున్నే బయల్దేరిపోయారు. మేరీలాండ్ దాటకముందే రోడ్డు కనపడకుండా పోయింది. ఇద్దరు పిల్లలతో హైవే పక్కన మోటెల్లో రెండు రాత్రులు ఉండిపోయారు. "వదినా, నువ్వు రమ్మన్నావు కదా, రామని ఎలా చెప్పను?" అంది తర్వాత. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వాళ్ళకేమైనా అయ్యుంటే?

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పిలిచినవాళ్ళే ముందు వద్దనాలి. వచ్చేవాళ్ళ నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎదురుచూడకండి, మనవాళ్ళు అనరు. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా దూరం నుంచి వచ్చేవాళ్ళకి విడిగా ఫోన్ చేయండి. "వీలైతే రండి" అనకండి, ఆ మాటతోనే జనం బయల్దేరతారు. "ఈ శనివారం పెట్టుకోవట్లేదు, మీరు రావద్దు, కొత్త తేదీ నేనే చెప్తాను" అని స్పష్టంగా చెప్పండి. క్యాటరింగ్‌కి ఆర్డరిచ్చి ఉంటే ఏ రోజులోపు మార్చుకోవచ్చో అడ్వాన్సు కట్టేటప్పుడే అడిగి పెట్టుకోండి.

మనుషుల్ని ఆపాను కానీ, తడిపిండి ఆగదు కదా. అరిసెల కోసం గురువారం పొద్దున నానబోసిన బియ్యం శుక్రవారానికి బట్ట మీద ఆరి, చేత్తో పట్టుకుంటే ఇంకా చల్లగా తడితడిగా ఉన్నాయి. పిండి పట్టాక ఆ రోజే పాకంలో పోయాలి, లేదంటే పులుస్తుంది. రాత్రి బాగా పొద్దుపోయాక ప్లెయిన్స్‌బోరోలో మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే పార్కింగ్‌లో కార్ల మీద మంచు పడటం మొదలైంది. నేను స్టౌ దగ్గర నిలబడి, పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో చుక్క పాకం వేసి ఉండ కడుతోందో లేదో చూస్తున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మావారు వచ్చి, "కింద తమిళవాళ్ళున్నారు, ఎదురుగా గుజరాతీవాళ్ళున్నారు. నడిచి రాగలిగేవాళ్ళని పిలుద్దాం" అన్నారు.

శనివారం పొద్దున పదింటికి పెట్టుకున్నాం, తెనాలిలో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర, అత్తగారు మేలుకునే ఉంటారు. తొమ్మిదిమంది వచ్చారు. మంచు బూట్లన్నీ గుమ్మం పక్కన వరసగా పెడితే, అవి కరిగి నేను లోపల బియ్యప్పిండితో వేసిన ముగ్గు సగం చెరిగిపోయింది. రేగిపళ్ళు తెస్తానన్న స్నేహితురాలు ఎడిసన్‌లో ఇరుక్కుపోయింది. ఫ్రీజర్లో క్రాన్‌బెర్రీలుంటే తీసి గోరువెచ్చటి నీళ్ళలో వేశాను, ఎర్రగా, గుండ్రంగా, అచ్చం రేగిపళ్ళలాగే ఉన్నాయి. తమిళావిడ చెరకుముక్క తెచ్చింది, వాళ్ళ పొంగల్‌కి కొన్నది. గుజరాతీ పెద్దావిడకి ఉత్తరాయణం తెలుసు, నువ్వుల చిక్కీ పట్టుకొచ్చింది. స్కైప్‌లో అత్తగారు "ఎడమనుంచి తిప్పకే, కుడినుంచి తిప్పు" అని చెప్తుంటే ఆ గుజరాతీ పెద్దావిడే మావాడి నెత్తిన దోసిలితో పోసింది. వాడు జుట్టులో ఇరుక్కున్న చిల్లర ఏరుకుని లెక్కపెట్టుకున్నాడు. అరిసెలు అందరికీ కవర్లో కట్టి ఇచ్చాను.

పిండివంటల గురించి ఒక మాట. ప్లాను మారేలా ఉంటే ఆగేవీ ఆగనివీ విడిగా ఆలోచించుకోండి. అరిసెలు, సకినాలు, జంతికలు డబ్బాలో పెడితే ఉంటాయి. బొబ్బట్లు ఫ్రీజర్లో బాగా నిలుస్తాయి. గారెల పిండి ఒకరోజుకి మించి ఉంచకండి. అందుకే నేనిప్పుడు తడిపిండి వంటలు జనం ఇంటికి చేరాకే మొదలుపెడతాను. కరెంటు పోయి స్టౌ పనిచేయకపోతే, అటుకుల్లో బెల్లం, కొబ్బరి కలిపి నైవేద్యం పెట్టండి. అంతేగానీ గ్రిల్లూ బొగ్గుల కుంపటీ ఇంట్లోకి తేవద్దు, బాల్కనీలో భోగిమంట వేయొద్దు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు చలికి తట్టుకోలేక ఇంట్లో బొగ్గులు వెలిగించి, గ్యారేజీలో కారు ఆన్‌లో పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ వాయువుకి వాసన ఉండదు. దీపం ఒక్కటి చాలు.

అమ్మ గురించి అడిగావు. 2020లో మా అమ్మానాన్నలు ఉగాదికి రావాలి. పండగ మార్చి 25. అంతకు రెండు మూడు రోజుల ముందే ఇండియాలో అంతర్జాతీయ విమానాలు ఆపేశారు, సరిగ్గా ఉగాది నాడే లాక్‌డౌన్ మొదలైంది. వేపపువ్వు అమ్మ పెట్టెలోనే ఉండిపోయింది. చేదు కోసం నేను చిటికెడు మెంతిపొడి వేసి పచ్చడి కలిపాను. అమ్మకి ఆ ముందు రెండు రోజులూ "చూద్దాంలే, ఏదో ఒక దారి ఉంటుంది" అని చెప్తూ వచ్చాను, బాధపడుతుందని. అది తప్పు. ఆవిడ ఆ రెండు రోజులూ నిద్రపోలేదట. "రావట్లేదని చెప్పేస్తే పెట్టె విప్పేదాన్ని కదే" అంది. పెద్దవాళ్ళకి నిజం త్వరగా చెప్పండి, ఆ వెంటనే వాళ్ళకో పని అప్పగించండి.

కాబట్టి అమ్మాయ్, ఈ పూటే అమ్మకి ఫోన్ చేసి, పొంగలి ఎలా చేయాలో కొలతలతో చెప్పమను. బియ్యం, పెసరపప్పు, బెల్లం, పాలు ఉంటే చాలు, నెయ్యి లేకపోతే వెన్న కాచుకో. అమ్మ చెప్తుంటే నువ్వు కలుపు, ఫోన్ స్టౌ పక్కన నిలబెట్టు. పిన్నికి నువ్వే ఫోన్ చేసి, ఫలానా వారం వస్తాం అని తేదీతో చెప్పు, ఆవిడ కూడా వంటలు ఆపుకోవాలి. బాబు వయసెంతో రాయలేదు. ఐదేళ్ళలోపైతే భోగి సాయంత్రం పీట మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఏ చిన్నపళ్ళుంటే అవి, గుప్పెడు శనగలు, కాస్త చిల్లర కలిపి పోయండి. మరీ చిన్నవాడైతే శనగలూ చిల్లరా నోట్లో పెట్టుకోకుండా వెంటనే ఏరేయండి. ఎదురింట్లో ఎవరున్నారో తెలియకపోతే తలుపు కొట్టి పిలువు. ఫొటో మాత్రం తీసుకో.