పాల లెక్క పక్కన ఒక ముక్క

ప్రశ్న: అక్కా, మాది మియాపూర్. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. నేను బేగంపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేస్తాను. మా ఆయనకు సాయంత్రం ఆరు తర్వాతే అసలు కాల్స్ మొదలవుతాయి. పాపకు సోమ, బుధ అబాకస్, మంగళ, గురు డ్యాన్స్, శనివారం కరాటే. మొన్న బీరువా సర్దుతుంటే పోయిన జూన్‌లో కొన్న బాబు నిక్కరు దొరికింది. తొడిగితే బొత్తాం పెట్టరాలేదు. వాడు ఇంత పెరుగుతుంటే నేనెక్కడున్నానని ఏడుపొచ్చింది. ఏడాది మొత్తంలో నాకు గుర్తున్నవి ఫీజు తేదీలు, జ్వరాలే. రెండేళ్లు ఉద్యోగం మానేద్దామా అనుకుంటున్నా. మా అత్తమ్మేమో "మేం ఆరుగురిని పెంచలేదా" అంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ అత్తమ్మ మాట సంగతి. ఆమె ఆరుగురిని పెంచింది, నిజమే. కానీ ఆ ఆరుగురిలో ఎవరి కోసమూ రాత్రి తొమ్మిదిన్నరకు "రేపు పసుపు చార్టు, రెండు థర్మోకోల్ షీట్లు" అని ఫోన్ మోగి ఉండదు. ఆమెతో వాదించకండి. ఈసారి వచ్చినప్పుడు ఆ చార్టు తెచ్చే పని ఆమెకే అప్పజెప్పండి.

ఉద్యోగం మీ ఇంటి లెక్క, నేను తేల్చలేను. ఒక్కటి మాత్రం అంటాను, నిక్కరు పొట్టయిందని ఎవరూ రాజీనామా ఇవ్వొద్దు. ఆ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. మీరు ఇంట్లో కూర్చున్నా, బేగంపేటలో ఉన్నా అంతే.

ఇక గుర్తులేకపోవడం. నాదీ అదే బాధ. 2018లో మేం మలక్‌పేటలో ఉండేవాళ్లం, నా ఆఫీసు నాంపల్లి. జూన్‌లో అమ్మాయి ఆరులోకి, అబ్బాయి రెండులోకి వచ్చారు. ఆ ఏడాది ఎలా గడిచిందని ఎవరైనా అడిగితే "పరుగు" అని ఊరుకునేదాన్ని. తర్వాత ఇల్లు మారుతుంటే పాత సామాన్లలో ఆ ఏటి క్యాలెండర్ దొరికింది. పాల లెక్క దాని మీదే రాసేదాన్ని. అరలీటరు ప్యాకెట్ రెండా మూడా అని, గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామని. ఆ గళ్లలోనే, పెన్ను చేతిలో ఉంది కదా అని ఏదో ఒకటి గీకి ఉన్నాను. సామాన్ల వ్యాను కింద హారన్ కొడుతున్నా నేను అట్టపెట్టె మీద కూర్చుని డిసెంబరు దాకా చదివాను. మీరూ ఇలా క్యాలెండర్ మీద ఒక ముక్క రాస్తూ ఉండండి, ఎందుకో చూడండి.

జనవరి 31: "చంద్రుడు ఎర్రగా. అత్తమ్మకు చెప్పలేదు." ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే పొడిచాడు. మా అత్తమ్మ తలుపులు వేయించింది. ఆరిన బట్టలు తెస్తామని పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లాను. అబ్బాయి చాలాసేపు చూసి, "దీన్ని కడిగేస్తే పోతుందా?" అన్నాడు. బట్టలు తేవడం మర్చిపోయి దిగొచ్చాం, దొరికిపోయాం.

ఫిబ్రవరిలో "నుమాయిష్, చెప్పు తెగింది." 1938 నుంచి జరుగుతున్న ఎగ్జిబిషన్ అది, జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా. ఆఫీసు నుంచి నడిస్తే ఐదు నిమిషాలు. మా ఆయన పిల్లల్ని తీసుకొచ్చేవాడు, నేను గేటు దగ్గర కలిసేదాన్ని. ఆ ఏడు మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ ఆ చిన్న రైలు కోసమే. కొన్నది ఏమిటో ఒక్కటీ గుర్తులేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నేను కుంటుతుంటే, అమ్మాయి తన చెప్పులు కూడా విప్పేసి పక్కన నడిచింది. ఆ ముక్క చదవకపోతే ఇది నాకు తలపుకొచ్చేదే కాదు.

జూన్ గళ్లన్నిటికీ కలిపి ఒకే మాట, "అట్టలు." పుస్తకాలకు అట్టలు వేసిన ఇల్లాలికి ఇంకేం చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 23 నిమజ్జనం, ఆ మర్నాడే అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో మొదలైంది. ఆ వచ్చే ఆదివారం "మెట్రో, ఎక్కడా దిగలేదు" అని ఉంది. మలక్‌పేటలో ఎక్కి, అమీర్‌పేట దాకా పోయి, స్టేషన్ బయటికి రాకుండానే వెనక్కి వచ్చాం. మూసీ మీదికి రాగానే పెట్టెలో అందరూ ముక్కు మూసుకున్నారు, ఏసీ పెట్టె అని తెలిసి కూడా. అలవాటు మరి!

అక్టోబరులో ఒక గడి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "బతుకమ్మ ఒరిగింది. 7:40." మొదటిసారి అమ్మాయి తనే పేరుస్తానంది. గునుగు, తంగేడు పొద్దున్నే తెచ్చిపెట్టి, నేనొచ్చాక ఇద్దరం కలిసి పేరుద్దామన్నాను. ఆఫీసులో ఆలస్యమైంది. అది ఒక్కతే పేర్చింది, నేనొచ్చేసరికి బతుకమ్మ పక్కకు ఒరిగి ఉంది, అది తాంబాళం పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. ఇలాంటివి మీ క్యాలెండర్‌లోనూ ఉంటాయి, రాయకుండా దాచకండి. పోయిన నెల అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఆ గడి చూపించాను. "నాకు గుర్తున్నది కింది ఆంటీ వచ్చి మళ్లీ పేర్చిపెట్టడం. నువ్వు లేటని గుర్తే లేదు" అంది. నమ్మాలో వద్దో తెలియలేదు.

డిసెంబరు 7: "పోలింగ్. సెలవు. గుడ్డు పులుసు. క్యారమ్స్." అసెంబ్లీ ఎన్నికల రోజది. వేలికి సిరా గుర్తుతో నలుగురం నేల మీద కూర్చుని ఆడాం. నలుగురం అంటే ఇద్దరికే సిరా ఉంది, అబ్బాయి తన వేలికి స్కెచ్ పెన్ను రాసుకున్నాడు.

ఇప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి చెబుతాను. ఆ ఏడు మంగళ, గురువారాల గళ్లలో పాల లెక్క తప్ప దాదాపు ఏమీ లేదు. ఎందుకా అని ఆలోచిస్తే, ఆ రెండు రోజులు అమ్మాయికి కీబోర్డు క్లాసు. తీసుకెళ్లడం, బయట స్కూటర్ మీద కూర్చుని ఫోన్ చూడటం, తీసుకురావడం, అన్నం, నిద్ర. ఏడాదిన్నర నేర్చుకుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ కీబోర్డు మీద ఇస్త్రీ బట్టలు ఉంటాయి.

మీ పాపకు వారంలో ఐదు రోజులు క్లాసులే. రెండు మాన్పించండి, ఏ రెండో పాపనే అడగండి. ఇంకో లెక్క కూడా వేయండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరింటికి లేపుతున్నారంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. అబాకస్ ఉన్న రోజు తొమ్మిదికి మీ ఇంట్లో అన్నమైనా అవుతోందా?

మీ ఆయన గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు. కాల్స్ సాయంత్రం ఆరు తర్వాతైతే పొద్దున డబ్బాలు, షూ లేసులు, వ్యాను ఎక్కించడం ఆయనవే. అర్ధరాత్రి దాకా మేలుకున్నాడంటారా, వ్యాను ఎక్కించి వచ్చి పడుకోమనండి.

మరొకటి, బాబుకు ఆరేళ్లు వస్తున్నాయి కాబట్టి. పాలదంతాల వెనుక, చివరన, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పళ్లు వస్తాయి. పాలపళ్లే కదా, ఊడేవే కదా అని చాలామంది వదిలేస్తారు. అవి శాశ్వతం, పుచ్చితే మళ్లీ రావు. నోరు తెరిపించి చూడండి. కనిపించిన రోజున క్యాలెండర్ మీద రాసుకోండి.

ప్రశ్న: నాచారం నుంచి రాస్తున్నాను. వయసు 71. ఆదివారం మనవళ్లు ఇద్దరు, ఎనిమిదేళ్లు, పదేళ్లు, నా దగ్గరే ఉంటారు. ఎప్పుడూ మాల్ అంటారు. ఆ నేల మీద నడవలేను, ఆ రేట్లు భరించలేను. ఇంకెక్కడికి తీసుకెళ్లను?

జవాబు: సాలార్‌జంగ్ మ్యూజియానికి, బాబాయ్ గారూ. పదకొండున్నరకల్లా గడియారం ముందుకు చేరి, మీరు కూర్చుని వాళ్లను నిలబెట్టండి. గంట గంటకూ ఒక బుల్లి మనిషి బయటికొచ్చి సుత్తితో గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, అందుకే ఆ వేళకు జనం ఎక్కువ. తర్వాత ముసుగు రెబెక్కా అనే శిల్పం దగ్గరికి తీసుకెళ్లి, ఆ ముసుగు గుడ్డా రాయా అని పందెం కట్టండి. మొత్తం చూపించాలని పెట్టుకోకండి, కాళ్లు పోతాయి. శుక్రవారం సెలవు, మీది ఆదివారం కాబట్టి ఇబ్బంది లేదు. చిన్నవాడు ఆ సుత్తి మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడని తప్పకుండా అడుగుతాడు. జవాబు ఆలోచించుకుని బయల్దేరండి.