హైజంప్ ఆడే అమ్మాయిని ఇంటర్‌కి ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె, పత్తి ఎవుసం. మా బిడ్డ జిల్లా పరిషత్ స్కూల్ల తొమ్మిదో తరగతి. మొన్న జిల్లా మీట్ల హైజంప్ 1.42 మీటర్లు దుంకింది. ఇంటర్నేషనల్ ప్లేయర్ అయితనంటది. పీఈటీ సారు వదలొద్దంటుండు. మా బామ్మర్దేమో హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల ఎంపీసీల ఎయ్యుమంటుండు. మోకాళ్లు పోతయని వాళ్లమ్మ భయం. ఏం జెయ్యమంటరు?

జవాబు: ముందు ఒక మాట కనుక్కోండి. ఆ 1.42 ఇసుకలో కాళ్లు కత్తెరలా వేసి దూకిందా, మ్యాట్ మీద వీపు వాల్చి దూకిందా? ఇసుకలో దూకి ఉంటే సంతోషించండి, అసలు టెక్నిక్ రాకముందే ఆ ఎత్తు వచ్చినట్టు. వీపుతో బార్ దాటే ఫాస్‌బరీ పద్ధతి 1968 మెక్సికో ఒలింపిక్స్ తర్వాత ప్రపంచమంతా పాకింది. అందులో పడేది వీపు మీద, తేడా వస్తే మెడ మీద. ఫోమ్ బెడ్ లేనిచోట ఎవరు చెప్పినా అది ప్రయత్నించనివ్వకండి.

ఇక అంకెలు. మన దేశంలో మహిళల రికార్డు 1.92 మీటర్లు, 2012లో హైదరాబాద్‌లోనే సహనా కుమారి దూకింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారు పతకం 1.89కే వచ్చింది. గెలిచిన పూజా సింగ్ హర్యానాలో ఒక మేస్త్రీ కూతురు. మొదట్లో వెదురు కర్ర బార్‌గా, గడ్డి కుక్కిన సంచులు మ్యాట్‌గా నేర్చుకుంది. ప్రపంచ రికార్డు ఉక్రెయిన్ అమ్మాయి మహుచిఖ్‌ది, 2024 జులైలో పారిస్‌లో 2.10. అంతకుముందు బల్గేరియా ప్లేయర్ కోస్తాదినోవా దూకిన 2.09 ముప్పై ఆరేళ్లకు పైగా చెక్కుచెదరలేదు. ఆసియా స్థాయి అందని ద్రాక్షేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ 1.42 నుంచి అక్కడికి అర మీటరు. మొదటి ఇరవై సెంటీమీటర్లు ఎదిగే వయసు, టెక్నిక్ కలిసి తెచ్చిపెడతాయి. 1.75 దాటాక ఒక్కో సెంటీమీటరుకు నెలలు పడుతుంది. పిల్ల పొట్టిదని ఎవరైనా అంటే ఇటలీకి చెందిన డి మార్టినో సంగతి చెప్పండి: ఆమె ఎత్తు 1.69, దూకింది 2.03.

నేనైతే పతకం కంటే ఇంకోటి చూస్తాను. ఈ ఆటలో గెలిచిన అమ్మాయి కూడా చాలాసార్లు చివరి ఎత్తు దగ్గర బార్ పడగొట్టే ఇంటికెళ్తుంది. వరసగా మూడుసార్లు తప్పితే అవుట్. బార్ పడ్డాక మీ బిడ్డ ఏం చేస్తుందో ఈసారి గమనించండి. ఏడ్చి బ్యాగు సర్దుకుంటుందా, పరుగు మొదలుపెట్టే గుర్తు దగ్గరికి వెళ్లి అడుగులు మళ్లీ కొలుచుకుంటుందా? కొలుచుకునే పిల్ల అయితే డబ్బు, టైమ్ పెట్టొచ్చు.

బతుకుదెరువు సంగతి దాచను. హైజంప్‌తో నేరుగా సంపాదించేది ప్రపంచంలో పిడికెడు మందే. పారిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకానికి వరల్డ్ అథ్లెటిక్స్ ఇచ్చింది 50,000 డాలర్లు. మనవాళ్లకు అన్నం పెట్టేది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం: రైల్వే, కేంద్ర బలగాలు, రాష్ట్రంలో 2 శాతం రిజర్వేషన్. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియాకు ఎంపికైతే శిక్షణతో పాటు నెలకు 10,000 చేతి ఖర్చు. అక్కడిదాకా పోకపోయినా పీఈసెట్ రాసి పీఈటీ సార్లు చదివే బీపీఈడీ, లేదా పాటియాలాలో కోచింగ్ డిప్లొమా ఉన్నాయి. పిల్లకు పరుగు కూడా ఉంటే హెప్టాథ్లాన్ వైపు చూడండి, ఏడు ఈవెంట్లలో హైజంప్ ఒకటి. మన తెలంగాణ అమ్మాయి నందిని అగసర 2025లో గుమిలోనే అందులో బంగారు పతకం తెచ్చింది.

మీ పక్కనే వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి పేరు వినే ఉంటారు, 2024 పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం. కోచ్ నాగపురి రమేష్ కంటపడి హైదరాబాద్ వెళ్లాకే ఆ దారి తెరుచుకుంది. నందినికీ నేర్పింది ఆయనే. కాబట్టి కాలేజీ కంటే ముందు కోచ్‌ను వెతకండి.

మీ బామ్మర్ది చెప్పిన కాలేజీ మాత్రం వద్దు. పొద్దున ఆరుకు మొదలై రాత్రి పదికి ముగిసే చోట గ్రౌండ్ ఉండదు, పదహారు, పదిహేడేళ్ల వయసు అక్కడే ఆవిరవుతుంది. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ ప్రవేశాలు నాలుగో తరగతికి, ఆ బస్సు వెళ్లిపోయింది. నా సలహా హనుమకొండ. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగింది. దానికి దగ్గర్లో సాయంత్రానికి వదిలేసే కాలేజీ చూడండి. బైపీసీ తీసుకుంటే రేపు ఫిజియోథెరపీకీ పనికొస్తుంది. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆదివారాలు తీసుకెళ్లి కోచ్‌కు చూపిస్తే చాలు.

వాళ్లమ్మ భయం ఉత్తదేం కాదు. ఎదిగే పిల్లలకు మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది, జంపులు తగ్గిస్తే చాలామందికి తగ్గుతుంది. సిమెంటు నేల మీద దూకనివ్వొద్దు, వారానికి రెండు రోజులకు మించి పూర్తి జంపులు వద్దు, నొప్పి మీద స్ప్రే కొట్టి ఆడించే కోచ్‌కు దండం పెట్టి వచ్చేయండి. బరువు తగ్గాలని అన్నం మాన్పించేవాళ్లూ ఉంటారు. నెలసరి ఆగితే 'ప్లేయర్లకు మామూలే' అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి. జిమ్ దుకాణం పొడులు అసలొద్దు, డోపింగ్‌లో దొరికితే ఏళ్ల నిషేధం. సర్టిఫికెట్‌లో వయసు తగ్గిద్దామనే సలహా కూడా వస్తుంది, జూనియర్ మీట్లలో వయసు పరీక్షలు చేస్తున్నారు.

ఇంటర్ రెండో ఏడు అయ్యేసరికి 1.65 దాటితే డిగ్రీ కూడా ఆటను బట్టే ఎంచుకోండి, ఇంటర్ యూనివర్సిటీ మీట్లున్నాయి. 1.55 దగ్గరే ఆగితే చదువును ముందు పెట్టండి, ఆట సాయంత్రాలకు ఉంటుంది. ఈ లెక్క ఇప్పుడే బిడ్డను కూర్చోబెట్టుకుని చెప్పండి, అప్పుడు హఠాత్తుగా కాదు.