ఎండ మెత్తబడింది, ఎటు పోదాం? విశాఖ పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి. వానలు తగ్గుతున్నాయి, పిల్లలకి సెలవులు, ఎటు పోవాలి? ఊరి పేరు చెప్పేముందు నేను ఎదురడిగేది కూడా ఒకటే: ఏ వారంలో పోతున్నారు? దసరా నుంచి దీపావళి దాకా కొండలు పచ్చగా, గెడ్డలు నిండుగా ఉంటాయి, దాంతోపాటు వాయుగుండం భయమూ ఉంటుంది. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం, అది తోటల నెల. అది దాటాక అసలు చలి. మనవాళ్లేమో అక్టోబర్‌లో చలి కోసం లంబసింగి వెళ్లి చెమట తుడుచుకుంటూ వస్తారు, జనవరిలో జలపాతం కోసం వెళ్లి తడిసిన రాయి చూసి వస్తారు.

*ప్రశ్న: దసరా సెలవుల్లో ఒక్కరోజులో అరకు వెళ్లి రావాలని పిల్లల గొడవ. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడని ఇంట్లో వదిలి వెళ్లడం నాకిష్టం లేదు. రైల్లో వెళ్లమంటారా, కారులోనా? బొర్రా గుహలు ఆవిడ దిగగలరా?* (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట. పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజర్‌లో అరకుకి దాదాపు నాలుగు గంటలు పడుతుంది, ఆ నాలుగు గంటలే అసలు అరకు అంటాను నేను, మా ఆవిడ ఒప్పుకోదనుకోండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైన్ ఇది, కొత్తవలస దగ్గర మొదలై మొత్తం మీద 58 సొరంగాలు దాటుతుంది. పిల్లల్ని ఒక్కొక్క సొరంగం లెక్కపెట్టమనండి, ఫోన్లు వాటంతటవే పక్కన పడతాయి. 2017లో వచ్చిన అద్దాల పెట్టెకి టికెట్లు దొరికితే సరే, కానీ సెలవుల్లో అవి ముందే అయిపోతాయి, దొరకలేదని ప్రయాణం మానుకోకండి. మామూలు పెట్టెలో కిటికీ తెరిచి కూర్చుంటే అనంతగిరి దగ్గర వచ్చే తడి మట్టి వాసన అద్దాల పెట్టెలో రాదు. వెళ్లే ముందు రోజు మాత్రం లైన్ సంగతి కనుక్కోండి, పెద్ద వానలు పడ్డప్పుడు కొండరాళ్లు జారి రైళ్లు ఆగిపోవడం ఈ రూట్‌లో కొత్తేం కాదు.

బొర్రా మాట. దిగడం ఎవరైనా దిగుతారు, ఎక్కడమే కష్టం. మెట్లు చాలా ఎక్కువ, లోపల సున్నపురాయి మీద నీళ్లు కారుతుంటాయి కాబట్టి జారుడు కూడా. డెబ్బై రెండేళ్ల మోకాళ్లకి వద్దు. మీ ఆయన పిల్లల్ని లోపలికి తీసుకెళ్తే మీరూ అత్తగారూ పైన మొక్కజొన్న పొత్తులు తింటూ కూర్చోవచ్చు, పొత్తు మీద కోతుల కళ్లుంటాయి జాగ్రత్త. లేదంటే బొర్రా పూర్తిగా వదిలేసి నేరుగా అరకు దిగండి. గిరిజన మ్యూజియం చదునుగా ఉంటుంది, పద్మాపురం గార్డెన్స్‌లో కూర్చోడానికి నీడ ఉంటుంది (రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోట అది, మీ అత్తగారికి చెప్పండి, వాళ్ల తరానికి యుద్ధం కబుర్లు ఇష్టం).

తిరుగు ప్రయాణం కారులో అన్నది ఎందుకంటే దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. దసరా మరీ ముందుగా వస్తే వలిసె పూలు ఇంకా విచ్చవు, అక్టోబర్ చివర నుంచి పొలాలకి పొలాలే పసుపురంగు తిరుగుతాయి. అది నూనెగింజల పంట, ఎవరో రైతు కడుపు నింపే చేను. ఫొటో కోసం మధ్యలోకి నడిచి తొక్కేసి వచ్చే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నిచోట్ల రైతులే గట్టు మీద నిలబడి పదో ఇరవయ్యో అడుగుతున్నారు, మారు మాట్లాడకుండా ఇవ్వండి. కాఫీ తోటల్లో ఎర్రటి పళ్లు చూడాలంటే మాత్రం నవంబర్ దాటాలి. చీకటి పడకముందే ఘాట్ దిగి ఎస్.కోట చేరండి.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాళ్లం నలభై మందిమి కార్తీక వనభోజనాలు పెట్టుకుందాం అనుకుంటున్నాం. ప్రతి ఏడాదీ ఒకటే గొడవ, కొందరు రిసార్ట్ అంటారు, కొందరు గుడి అంటారు. ఎక్కడైతే బాగుంటుంది?* (సీతమ్మధార నుంచి)

రిసార్ట్‌లో ఏసీ హాల్లో బఫే తిని వనభోజనం అనడం నాకు రుచించదు, అది పెళ్లి భోజనం. వనం అంటే నెత్తిన చెట్టు ఉండాలి, అందులోనూ ఉసిరి. ఉసిరి చెట్టున్న తోట దొరకకపోతే ఒక ఉసిరి కొమ్మ తెచ్చి నాటి, దానికే పసుపు కుంకుమ పెట్టి దీపం వెలిగించి మొదలుపెట్టే అలవాటు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది.

ఊరికి దగ్గరగా కావాలంటే ముడసర్లోవ పార్కు వైపు చూడండి. ఇంకొంచెం దూరమైనా పర్లేదంటే భీమిలి, ఆనందపురం వైపు మామిడి, కొబ్బరి, సరుగుడు తోటలున్నాయి, మీ నలభై మందిలో ఎవరికో ఒకరికి అక్కడ చుట్టం ఉండి తీరతాడు, విశాఖలో లేనివాళ్లు ఎవరు? తోట యజమానికి ముందు చెప్పి, నీళ్ల సంగతి, ఆడవాళ్లకి బాత్రూమ్ సంగతి మాట్లాడుకోండి. ఈ రెండూ చూసుకోకుండా వెళ్లిన వనభోజనాలు మధ్యాహ్నం రెండింటికే ముగిసిపోవడం నేను చూశాను, మాదే అలా అయింది ఒక ఏడాది. కంబాలకొండ గురించి చాలామంది అడుగుతారు. అది అభయారణ్యం, అక్కడ పొయ్యి వెలిగించడం కుదరదు. నడిచి రావడానికి వెళ్లండి, వంటకి కాదు.

వంటల్లో నా మాట వింటారా? పదహారు రకాలు వద్దు. కంద బచ్చలి కూర, గుమ్మడికాయ ముక్కలేసిన దప్పళం, కొత్త ఉసిరికాయ పచ్చడి, పులిహోర, గారెలు, చక్రపొంగలి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లు మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటాయి, అన్నీ అవి లేకుండా వండితే ఎవరి పంక్తి వాళ్లది అనే తిప్పలుండవు. కంద మాత్రం ముందురోజే తరిగి పెట్టుకోండి, తోటలో కూర్చుని కంద తరిగి చేతులు గోక్కునే వాళ్లకి అంత్యాక్షరి పాడే ఓపిక ఉండదు. ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేట్లు మానేసి ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు కొనండి.

ఆదివారం కాకుండా రెండో శనివారం పెట్టుకుంటే సగం రద్దీ తప్పుతుంది. సోమవారం వద్దు, ఆరోజు సగం మంది ఉపవాసం.

*ప్రశ్న: ఐదుగురం ఫ్రెండ్స్‌మి, బైక్‌ల మీద రాత్రి పదింటికి బయల్దేరి తెల్లారేసరికి వంజంగిలో మేఘాలు చూద్దామని ప్లాన్. వంజంగి బెటరా, లంబసింగా?* (మధురవాడలో ఐటీ ఉద్యోగి)

బాబూ, రాత్రి పదింటికి బయల్దేరడం అన్న ముక్క కొట్టేసి మిగతా ప్లాన్ అలాగే ఉంచుకోండి. పాడేరు ఘాట్‌లో పొగమంచు పడితే బైక్ లైటు వెలుగు మీ మొహం మీదకే తిరిగి కొడుతుంది, మలుపు ఎక్కడుందో తెలియదు, రోజంతా ఆఫీసులో పనిచేసిన కళ్లు ఆ సమయానికే మూతలు పడతాయి. ముందురోజు పగటిపూట వెళ్లి పాడేరులో పడుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి కొండ కిందకి చేరితే చాలు, టార్చి, స్వెట్టర్, జారని బూట్లు ఉంటే ఎక్కడం పెద్ద కష్టం కాదు.

మేఘాల గుట్టు కొంచెం తెలుసుకుంటే వట్టి చేతులతో తిరిగి రారు. వాన పడి నేల తడిగా ఉండి, ఆ తర్వాత రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే కొండల మీది చల్లగాలి లోయలోకి జారి అక్కడే నిలుస్తుంది, ఆ తేమంతా తెల్లటి మేఘంగా మారుతుంది. మీరు దానికి పైన ఉంటారు కాబట్టి పాల సముద్రంలా కనిపిస్తుంది. ఎండ ఎక్కాక, ఎనిమిది దాటితే కరిగిపోతుంది. అదే సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు వెళ్లారనుకోండి, మేఘం లోయలో కాకుండా మీరు నిలబడ్డ కొండ మీదే కూర్చుంటుంది. నేను ఒకసారి సరిగ్గా అలాంటి రోజే వెళ్లాను, పక్కన నిలబడ్డ మనిషి గొంతు వినిపించింది గానీ మొహం కనిపించలేదు. కిందకి దిగాక టీ అమ్మే పెద్దాయన "ఏటి బాబూ, మబ్బులు సూడ్డానికొచ్చి మబ్బులో ఇరుక్కున్నారా" అని నవ్వాడు. ఆయన దగ్గర ఇంకో గ్లాసు టీ కొనక తప్పలేదు.

ఏది బెటర్ అంటే, అక్టోబర్ చివర నుంచీ వంజంగి, చలి కావాలంటే డిసెంబర్ సగం దాటాక లంబసింగి. ఆ ఊరికి స్థానికంగా కొర్రబయలు అనే పేరుంది, బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని. ఆ పేరు డిసెంబర్, జనవరిలోనే నిజమవుతుంది.

*ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో ఆర్కే బీచ్‌లో స్నానానికి వెళ్తానంటున్నాడు. ఈ రోజుల్లో సముద్రం శాంతంగానే ఉంటుంది కదా?* (మహారాణిపేట నుంచి ఒక తల్లి)

ఉండదమ్మా. అక్టోబర్, నవంబర్ బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. హుద్‌హుద్ 2014లో అక్టోబర్ 12న మన ఊరి మీదకి వచ్చింది, ఆ రోజు గుర్తున్నవాళ్లు ఈ ప్రశ్న అడగరు. తుఫాను ఎక్కడో దూరంగా ఉండి ఇక్కడ ఎండ కాస్తున్నప్పుడు కూడా అలల లాగుడు మారిపోతుంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకి వచ్చిన నీరు సన్నని పాయలా ఒకేచోట నుంచి లోపలికి పరుగెడుతుంది. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నున్నగా కనిపించే చోటే అది, ఈత రాని పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. పట్టుబడితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదమని చెప్పండి, అంతకంటే ముందు దిగొద్దని చెప్పండి.

అబ్బాయికి సముద్రమే కావాలంటే పాటు సమయంలో మంగమారిపేట వెళ్లమనండి. అక్కడ రాతి తోరణం ఉంది, నీళ్లు వెనక్కి తగ్గాక రాళ్ల గుంటల్లో ఎండ్రకాయలు, నత్తలు, చిన్న చేపలు దొరికిపోతాయి. చూడ్డానికే, సంచిలో వేసుకోడానికి కాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పాటు బాగా తగ్గుతుంది, పోటు వచ్చే వేళ మాత్రం ముందే కనుక్కుని వెళ్లాలి.

*ప్రశ్న: హైదరాబాద్ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాను. విజయనగరం సిరిమాను చూడాలని ఉంది. ఎప్పుడు, ఎలా?* (ద్వారకానగర్ నుంచి)

విజయదశమి వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం. పైడితల్లి అమ్మవారి పూజారి పొడవాటి చింతమాను కొసన కూర్చుంటే ఆ మానుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. మధ్యాహ్నానికే రోడ్లు మూసుకుపోతాయి కాబట్టి కారు మానేసి రైల్లోనో బస్సులోనో పొద్దున్నే చేరండి. నాకైతే ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవం రాత్రే ఎక్కువ ఇష్టం.

*ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. బండి లేదు, తోడు లేదు, ఖర్చు పెట్టే ఓపికా లేదు. నాకేదైనా ఉందా?* (కంచరపాలెం నుంచి)

అందరికంటే మంచి ప్రయాణం మీదే మాస్టారూ. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లి భీమిలి బస్సెక్కండి, బీచ్ రోడ్డు మీదుగా వెళ్లేదో కాదో కండక్టర్‌ని అడిగి మరీ ఎక్కండి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ. రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ కూర్చున్నచోటి నుంచే వరసగా దాటతాయి. భీమిలిలో దిగి డచ్చివాళ్ల సమాధులు, దీపస్తంభం, గడియార స్తంభం చూసుకుంటూ నెమ్మదిగా గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడవండి. పై ఉత్తరంలో ఆ గాజువాక కుటుంబం చూడబోయే బొర్రా గుహల కింద నుంచి వచ్చే నీరే అది. అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయంలో ఆగి, ఇక్కడికి వస్తుంది. వానలు అయ్యాక ఈ నెలల్లో అక్కడ నది రంగు వేరే, సముద్రం రంగు వేరే.

వలలు బాగుచేసుకునే వాళ్లు ఒడ్డున కూర్చుని ఉంటారు. మధ్యాహ్నం మూడింటి బస్సుకి తిరిగి వచ్చేయండి, సాయంత్రం బస్సులో సీటు దొరకదు.