స్టీరింగ్ అమ్మకండి, ముందు నోటుపుస్తకం చదవండి

ప్రశ్న: మేము హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో ఉంటున్నాం. మావారు ఆర్టీసీ డిపోలో మెకానిక్. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని వాడి మేనమామ కంప్యూటర్ కొనిపెట్టాడు. పండగలకు, పుట్టినరోజులకు వచ్చిన డబ్బు కూడబెట్టుకుని, నిరుడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి ఎవరో వాడేసి అమ్మిన స్టీరింగ్, పెడళ్లు తెచ్చుకున్నాడు. వాటిని చదువుకునే బల్లకే బిగించాడు. రాత్రి ఒంటిగంట దాకా కంప్యూటర్‌లో కార్ల రేసులే. అడిగితే రేసర్ అవుతానంటాడు. స్టీరింగ్ అమ్మేస్తానని మావారు, అమ్మితే అన్నం ముట్టనని వాడు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. వాడి నోటుపుస్తకంలో రెండు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను. ఇందులో చదువు అనదగ్గది ఏమైనా ఉందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం ఒకసారి చదివితే అర్థమైంది. ఆ రెండు పేజీలను మాత్రం చాలాసేపు చూశాను.

పేజీ పైన 'మోంజా' అని రాసి కింద గీత గీశాడు. అది ఇటలీలోని రేసు ట్రాకు. పొడవు 5.793 కిలోమీటర్లు. దాని కింద వరుసగా ల్యాప్ (ట్రాకు మీద ఒక పూర్తి చుట్టు) సమయాలు: 1:50.6, 1:50.1, 1:49.8. మూడో అంకె పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'వెనక రెక్క ఒక మెట్టు తగ్గించాను. నేరు దారిలో వేగం పెరిగింది. లెస్మో మలుపులో వెనక చక్రాలు జారాయి.' రెక్క అంటే రేసు కారు వెనక భాగంలో గాలికి ఎదురుగా ఉండే పలక. తర్వాతి వరుసలో రెక్కను మళ్లీ మార్చాడు, టైర్లలో గాలి కూడా మార్చాడు. సమయం 1:51.2కు పోయింది. అక్కడ ఎర్ర సిరాతో రాసుకున్నాడు: 'రెండూ ఒకేసారి మార్చాను. ఏది తప్పో తెలియలేదు. ఇకమీదట ఒకసారికి ఒకటే.'

ఇందులో చదువు ఉందా అని అడిగారు కదా. ఆ ఎర్ర సిరా వాక్యమే చదువు. ప్రయోగశాలలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదట నేర్పాల్సిన పద్ధతి అది: మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కటే మార్చి చూడు. ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉండి కూడా ఇది ఒంటబట్టని పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు. మీ అబ్బాయి ఎవరూ చెప్పకుండా, తన తప్పులోంచి తానే పట్టుకున్నాడు.

ఆ వాక్యం మీ వారికి చదివి వినిపించండి. బ్రేకు వేస్తే బస్సు ఎడమకు లాగుతోందని డ్రైవరు ఫిర్యాదు రాస్తే ఆయన ఏం చేస్తారు? ముందు టైర్లలో గాలి చూస్తారు. అది సరిగ్గా ఉంటే బ్రేకు లైనింగులు చూస్తారు. ఆ తర్వాత డ్రమ్ములు. అన్నీ ఒకేసారి విప్పి మార్చేస్తే ఆ పూటకు బస్సు బాగుపడవచ్చు గానీ జబ్బు ఎక్కడ ఉందో తెలియదు, పది రోజులకు అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. తండ్రి పగలు డిపోలో చేసే పనినే కొడుకు రాత్రి తెర ముందు కూర్చుని చేస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. నాకు బాధ కలిగించింది అదే.

మీ అబ్బాయి ఆడుతున్నవాటిని మామూలు వీడియో ఆటల గాటన కట్టకండి. అసెట్టో కోర్సా, ఐరేసింగ్ వంటి సిమ్యులేటర్లలో అసలు ట్రాకులను లేజర్‌తో కొలిచి, రోడ్డు మీది గతుకులతో సహా దించుతారు. టైరు వేడెక్కితే పట్టు ఎలా మారుతుందో, బ్రేకు నొక్కితే బరువు ముందు చక్రాల మీదకు ఎలా వాలుతుందో లెక్క కడతారు. ఆ లెక్క ఫలితమే స్టీరింగ్‌లోని మోటారు ద్వారా చేతులకు తెలుస్తుంది. అసెట్టో కోర్సా కాంపెటిజియోనేలో అయితే ప్రతి ల్యాప్ వివరాలను దాచుకునే వీలుంది: ఎక్కడ బ్రేకు వేశాడు, ఎంత గట్టిగా వేశాడు, స్టీరింగ్ ఎంత తిప్పాడు అన్నీ గీతలుగా కనిపిస్తాయి. నిజమైన రేసు జట్లు వాడే మోటెక్ సాఫ్ట్‌వేర్‌లోనే వాటిని తెరిచి చూడవచ్చు. అతనికి ఇది ఇప్పటికే తెలిసి ఉంటుంది. తెలియకపోతే ఈ ఆదివారమే చూడమనండి.

ఇక రేసర్ అవుతాననే మాట. దీని గురించి నిష్ఠూరమైనా ఉన్నమాటే చెప్పాలి, ఈ పేరా అబ్బాయిని కూర్చోబెట్టి చదివించండి. ఫార్ములా వన్ రేసులో కారు నడిపిన భారతీయులు ఇప్పటికి ఇద్దరే. 2005లో నరేన్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్. ఇద్దరూ మోటార్ రేసింగ్ వాతావరణం ఉన్న ఇళ్లలో పుట్టి పెరిగినవారు. ఈ దారిలో వెళ్లే పిల్లలు చాలామంది ఎనిమిదేళ్లకో పదేళ్లకో కార్టింగ్ (చిన్న రేసు బండ్లు నడపడం) మొదలుపెడతారు. టైర్లు, ఇంజిన్, ప్రయాణాలు, ప్రమాదం జరిగితే మరమ్మతు ఖర్చు, అన్నీ ఇంటివాళ్లో స్పాన్సరో భరించాలి. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు దానికోసం అప్పులపాలు కావడానికి నేను ఒప్పుకోను. మీ అబ్బాయి యాన్ మార్డెన్‌బరో పేరు తప్పకుండా ఎత్తుతాడు. ఆ బ్రిటిష్ కుర్రాడు గ్రాన్ టురిస్మో ఆటలో రాణించి 2011లో జీటీ అకాడమీ పోటీ గెలిచాడు, 2013లో లె మాన్స్ 24 గంటల రేసులో నిజమైన కారు నడిపాడు. నిజమే. అయితే అతని వెనక నిస్సాన్ కంపెనీ డబ్బు, శిక్షణ ఉన్నాయి. ఆ పోటీ 2016 తర్వాత ఆగిపోయింది. అటువంటి తలుపు మళ్లీ తెరుచుకుంటే వెళ్లి తట్టమనండి. అది తెరుచుకుంటుందన్న ఆశతో పరీక్షలు వదులుకోవద్దని కూడా చెప్పండి.

బల్ల ముందు నేర్చుకోలేనిది కూడా ఒకటుంది. అక్కడ మెడ మీద బరువు పడదు, ఒళ్లు చెమటతో తడవదు, గోడను గుద్దుకుంటే ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అందుకే నగరం శివార్లలోని కార్టింగ్ ట్రాకుకు తండ్రీ కొడుకులను ఇద్దరినీ ఒకసారి పంపండి. పది నిమిషాలు నడిపాక చేతులు ఎలా లాగుతాయో అతనికి తెలియాలి. ఆయనకూ సరదాగా ఉంటుంది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు పక్క రోడ్ల మీద విద్యుత్ కార్లతో నడిచే ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. తర్వాతి ఏడాది రేసు రద్దయింది గానీ, ఆ ఒక్క రోజును మీ అబ్బాయి ఇంకో కోణంలో చూడాలి. ట్రాకు మీద ఉన్నది 22 మంది డ్రైవర్లు. వారి ఒక్కొక్కరి వెనక హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరల ముందు కూర్చున్నవారు ఎందరో. బ్యాటరీలో ఎంత మిగిలింది, ఏ మలుపు ముందు కాస్త ముందుగా యాక్సిలరేటర్ వదిలితే ఎంత ఆదా అవుతుంది, ఇదే వారి పని. ఆ జట్లు వీధి ట్రాకుల మీదకు వచ్చే ముందు సిమ్యులేటర్లలోనే సాధన చేస్తాయి. మీ అబ్బాయి నోటుపుస్తకం డ్రైవరు రాసుకునేలా లేదు. ఈ తెరల ముందు కూర్చునేవాళ్లు రాసుకునేలా ఉంది. నా అంచనా ఇదే, దీని మీదే మిగతా సలహా అంతా ఆధారపడి ఉంది.

బ్రాంచి విషయానికి వస్తే, మీ బంధువులంతా కంప్యూటర్ సైన్సే అంటారు. నేను మెకానికల్ ముందు రాయమంటాను, అయితే ఒక షరతు మీద: మొదటి సంవత్సరం నుంచే పైథాన్, ఆ తర్వాత మ్యాట్‌ల్యాబ్ గట్టిగా నేర్చుకోవాలి. కోడ్ రాయడం రాని మెకానికల్ పట్టభద్రుడికి ప్రాంగణ నియామకాల్లో అవకాశాలు తక్కువ, ఈ మాట మీ దగ్గర దాచను. రెండూ వచ్చినవాడికి మాత్రం మన ఊళ్లోనే చోటుంది. జెడ్ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ వంటి సంస్థల సాంకేతిక కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. బ్రేకులు, స్టీరింగ్, డ్రైవరుకు తోడ్పడే వ్యవస్థలను ఇప్పుడు బండి తయారుకాకముందే కంప్యూటర్‌లో నడిపి చూస్తున్నారు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవరు లేకుండా నడిచే వాహనాల కోసం టిహాన్ అనే పరీక్షా కేంద్రం ఉంది. ఈ పనులన్నిటికీ మూలం ఆ లెస్మో మలుపులోని ప్రశ్నే: చక్రానికి పట్టు ఎప్పుడు పోతుంది, ఎందుకు పోతుంది? కంప్యూటర్ సైన్స్ సీటే వస్తే కుంగిపోనక్కర్లేదు, సిమ్యులేటర్లలో భౌతికశాస్త్రపు లెక్కలు రాసేవాళ్లు కూడా ప్రోగ్రామర్లే.

బ్రాంచి కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది, దీన్ని తల్లిదండ్రులు దాదాపు ఎవరూ అడగరు. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునే ముందు అక్కడికి వెళ్లి, ఇక్కడ ఫార్ములా స్టూడెంట్ జట్టు గానీ బాహా జట్టు గానీ ఉందా అని అడగండి. విద్యార్థులే చిన్న రేసు కారు రూపొందించి, తయారుచేసి, పోటీకి తీసుకెళ్తారు. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ అటువంటిదే. బాహా అయితే గుట్టలు, గతుకుల మీద నడిచే ఒంటి సీటు బండి. ఈ పోటీల్లో వేగం ఒక్కటే చూడరు. రూపకల్పన ఎందుకు అలా చేశారో న్యాయనిర్ణేతల ముందు నిలబడి చెప్పాలి, ఖర్చు లెక్క చూపాలి. ట్రాకు మీదకు వదిలే ముందు సాంకేతిక తనిఖీ ఉంటుంది. ఇంజిన్ కార్ల బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగిసి ఆగాలి. ఆ తనిఖీ దాటలేక పక్కన నిలిచిపోయే కార్లు ఏటా ఉంటాయి. అందుకే జట్టు ఉందా అని అడిగి ఊరుకోకండి, కారు షెడ్డు చూపించమనండి. చేతులకు గ్రీజు అంటిన నలుగురు సీనియర్లు కనిపిస్తే అది మంచి గుర్తు. గాజు పెట్టెలో పాత కారు ఒక్కటే కనిపిస్తే ఇంకో కాలేజీ చూడండి.

విదేశీ చదువు ఇప్పుడు తలకెత్తుకోవద్దు. ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాల్లో మోటార్‌స్పోర్ట్ ఇంజినీరింగ్‌లో పీజీ ఉంది, ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ భాగం ఆ దేశంలోనే ఉన్నాయి. ఆ ఆలోచన బీటెక్ చివరి ఏడాదిలో, చేతిలో ఒక కారు కట్టిన అనుభవం ఉన్నప్పుడు చేద్దాం.

ముందు గట్టెక్కాల్సింది ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే ఎప్‌సెట్. స్టీరింగ్ అమ్మవద్దు. బల్ల మీద నుంచి మాత్రం విప్పించండి, చదువుకునే చోటే అది ఉండకూడదు. శనివారం సాయంత్రం రెండు గంటలు, ఆదివారం రెండు గంటలు బిగించుకోనివ్వండి. మిగతా రోజుల్లో పదకొండింటికి దీపం ఆరాలి. నిద్ర చాలని బుర్ర ల్యాప్ సమయంలోనూ వెనకబడుతుంది, ఆ పుస్తకంలో తేదీలతో పాటు ఎన్ని గంటలు పడుకున్నాడో కూడా రాయమనండి. నేను చెబితే నమ్మడు, అంకెలు చెబితే నమ్ముతాడు.

మీరు రాయలేదు గానీ, ఈ వయసు పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది ఒకటి చెప్పాలి. తెర మీద గంటకు 250 కిలోమీటర్ల వేగం అలవాటైన పిల్లవాడికి బయట రోడ్డు మీద 80 నత్తనడకలా అనిపిస్తుంది. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా మేనమామ కారు తాళం అతని చేతికి రానివ్వకండి. మైనరు బండి నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ మైనరుకు పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. భయపెట్టడం కన్నా లెక్క చేయించడం మేలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, 120లో అయితే ఎంత? వేగం సెకనుకు 8 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే మొదటిది 17 మీటర్లు, రెండోది 70 మీటర్లకు దగ్గర. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. బ్రేకు మీదకు కాలు వెళ్లడానికి ఒక్క సెకను పట్టినా 120లో ఇంకో 33 మీటర్లు దాటిపోతుంది. ఇది ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రమే.

ఇక మీ వారికి ఒక పని. ఇంట్లో స్కూటర్ ఉంటే, ఒక ఆదివారం పొద్దున దాని వెనక చక్రం అబ్బాయి చేతే విప్పించమనండి. బ్రేకు షూలు ఎంత అరిగాయో కొలిచి ఆ నోటుపుస్తకంలోనే రాయమనండి. ఆయన పక్కన కూర్చుని చూస్తే చాలు, అడిగినప్పుడే చెప్పాలి.

ఎప్‌సెట్ అయిపోయాక ముగ్గురూ కలిసి రండి. పుస్తకం తప్పకుండా తెమ్మనండి. రెక్క ఒక్క మెట్టు తగ్గిస్తే లెస్మోలో వెనక చక్రాలే ఎందుకు జారాయి, ముందువి ఎందుకు జారలేదు? దీనికి అతని జవాబు వినాలని ఉంది.