మార్కులు తక్కువైతే తెలివి లేనట్టేనా?

మీ అబ్బాయికి పరీక్షల్లో మార్కులు రావట్లేదనీ, ఇంట్లో మిక్సీ మొరాయిస్తే మాత్రం వాడే విప్పి బాగుచేస్తాడనీ రాశారు. "వీడికి తెలివి లేదనుకోవాలా?" అని అడిగారు. అస్సలు అనుకోకండి.

తెలివిని కొలిచే ఐక్యూ పరీక్షలకు మూలమైన పరీక్షను 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ తయారుచేసింది బడిలో అదనపు సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడానికే. తెలివి పుట్టుకతోనే ఇంత అని తేల్చేయడాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు.

బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 1985లో వచ్చింది. అమ్మకం మధ్యలో నోటిలెక్కలు 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అలాంటి లెక్కలు ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. లెక్క రాక కాదు కదా!

మీవాడు మిక్సీ ముందు కూర్చున్నప్పుడు గమనించండి. ముందు స్విచ్చు, ఆ తర్వాత వైరు, అవి బాగుంటేనే మోటారు. ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ అసలు లోపం దగ్గరికి వెళ్లడం చిన్న విషయం కాదు.

అలాగని చదువు పక్కన పెట్టేయమనను. ఏదైనా పాఠం చదివించి, పుస్తకం మూసి నోటితో చెప్పమనండి. చక్కగా చెప్పి రాయడంలోనే తడబడుతుంటే, లేదా చదవడమే కష్టంగా ఉంటే, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) లాంటిదేమైనా ఉందేమో సైకాలజిస్టుకు చూపించండి. ఈలోగా వాణ్ని "మొద్దు" అని ఎవరినీ అననివ్వకండి, ముఖ్యంగా వాడి ఎదుట.